ఉదారవాదులు అందరికీ ఓటు ఎందుకు ఇవ్వలేదు? (ఫ్రాన్స్, 1830–1848)

సోషల్‌టీచర్ | ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. నేను పదో తరగతి పిల్లలకి సోషల్ చెప్తాను. ఈ వారం పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ పాఠం నడుస్తోంది. ఉదారవాదం, సంప్రదాయవాదం, జాతీయవాదం, సామ్యవాదం అని బోర్డు మీద రాసి ఒక్కోదానికీ రెండేసి వాక్యాలు చెప్పాను. పుస్తకంలో ఉన్నదీ అంతే.

మొన్న ఒక అమ్మాయి లేచి, "ఉదారవాదులు స్వేచ్ఛ కోసం పోరాడారు అన్నారు కదా మేడం, మరి వాళ్లే అధికారంలోకి వచ్చాక డబ్బున్నవాళ్లకే ఓటు పెట్టారని అదే పేజీలో ఉందేంటి?" అని అడిగింది. నిజంగానే రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. పదకొండేళ్లుగా ఈ పాఠం చెప్తున్నా, ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ చూడలేదు. రేపు చెప్తానని కూర్చోబెట్టాను. ఆ అమ్మాయికి మళ్లీ నిర్వచనం చెప్పడం నాకిష్టం లేదు. అసలు ఏం జరిగిందో చెప్పాలనుంది. తెలిసినవాళ్లు సాయం చేయండి.

పాత పేజీలు | రాత్రి 9.40

టీచర్ గారూ, చిక్కు ఆ మాట దగ్గరే మొదలవుతుంది. తెలుగులో ఉదారం అనగానే చేతికి ఎముక లేని మనిషి గుర్తొస్తాడు. ఉదారవాది అంటే అందరికీ అన్నీ ఇచ్చేవాడు అని పిల్లలు అనుకోవడంలో తప్పులేదు. కానీ ఆ పేరు రాజకీయాల్లోకి వచ్చింది స్పెయిన్‌లో. నెపోలియన్ సైన్యం దేశాన్ని ఆక్రమించిన రోజుల్లో కాదిజ్ అనే రేవు పట్టణంలో ఒక సభ కూడి, 1812లో రాజ్యాంగం రాసింది. రాజు అధికారానికి హద్దు ఉండాలన్న వాళ్లకి అక్కడ లిబరల్స్ అని పేరు పడింది.

వాళ్లకి కావలసింది ఏమిటంటే, రాజు తన ఇష్టం వచ్చినట్టు జైల్లో పెట్టకూడదు, పత్రికల నోరు నొక్కకూడదు, ఆస్తి లాక్కోకూడదు, పన్ను వేసేముందు సభని అడగాలి. ఓటు మాత్రం పుట్టుకతో వచ్చే హక్కని వాళ్లలో చాలామంది అనుకోలేదు. అది ఒక బాధ్యత, మోయగలిగినవాడికే ఇవ్వాలి అన్నారు. మోయగలడో లేదో తేల్చడానికి వాళ్లు పెట్టిన కొలత పన్ను రసీదు.

అంకెలు చూడండి. ఫ్రాన్స్‌లో 1814 తర్వాత ఏడాదికి 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టే, 30 ఏళ్లు నిండిన మగవాడికే ఓటు. మూడు కోట్ల జనంలో ఓటర్లు లక్ష లోపే. 1830 విప్లవం తర్వాత ఆ పన్నుని 200 ఫ్రాంకులకి, వయసుని 25కి తగ్గించారు. అయినా 1846 నాటికి మూడున్నర కోట్లలో ఓటర్లు సుమారు 2 లక్షల 40 వేలు.

అయితే వాళ్లది ఉత్త స్వార్థం అని పిల్లలకి చెప్పకండి. ఆ కాలపు ఫ్రెంచ్ ఉదారవాదుల్లో ముఖ్యుడు గిజో. 1794లో విప్లవం భయంకరంగా సాగుతున్నప్పుడు అతని తండ్రిని గిలటిన్ కింద చంపారు. పిల్లవాడికి అప్పటికి ఆరేళ్లు. 1830 విప్లవంతో గద్దెనెక్కిన రాజు లూయీ ఫిలిప్ తండ్రి తల కూడా 1793లో అలాగే పోయింది. జనం పేరు చెప్పుకుని నడిచిన ప్రభుత్వం ఏం చేయగలదో వాళ్లు ఇంట్లోనే చూశారు. నిరంకుశ రాజన్నా భయమే, గుంపన్నా భయమే. ఆ రెండింటి మధ్యలో, చదువూ ఆస్తీ ఉన్నవాళ్ల చేతిలో దేశం ఉంటే క్షేమం అని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. ప్రతి కమ్యూన్ (అంటే ప్రతి ఊరూ) మగపిల్లల కోసం ఒక ప్రాథమిక పాఠశాల నడపాలని 1833లో చట్టం తెచ్చింది ఆ గిజోనే.

మిరపతోట | రాత్రి 10.05

అన్నా, గిజో తండ్రి సంగతి బాధాకరమే. కాదనను. కానీ 1830 జూలైలో ఆ మూడు రోజులు పారిస్ వీధుల్లో తుపాకులకి ఎదురు నిలబడింది ఎవరు? పదో చార్లెస్ రాజు పత్రికల మీద ఆంక్షలు పెట్టగానే మొదట పని పోయింది ప్రింటింగ్ కార్మికులకి. వాళ్లూ వడ్రంగులూ తాపీ మేస్త్రీలూ అడ్డుగోడలు కట్టి పోరాడారు. గెలిచాక రాజు మారాడు. ఓటు మాత్రం ఆ చనిపోయిన వడ్రంగి అన్నకీ రాలేదు, తమ్ముడికీ రాలేదు.

ఓటు అందరికీ ఇవ్వండి అని అడిగితే, ఏళ్ల తరబడి గిజో పక్షం చెప్పిన జవాబు పని చేసి, పొదుపు చేసి ధనవంతులు కండి అనే. రోజుకి రెండు ఫ్రాంకులు సంపాదించేవాడు 200 ఫ్రాంకుల పన్ను కట్టే స్థాయికి ఎన్ని తరాల్లో చేరతాడు?

టీచర్ గారూ, నా సలహా ఒకటే. నాలుగు వాదాలనీ నాలుగు పెట్టెల్లో పెట్టకండి. సామ్యవాదం ఎక్కడినుంచో ఊడిపడలేదు. 1830లో కలిసి పోరాడి, తర్వాత గేటు బయట మిగిలిపోయినవాళ్ల దగ్గర పుట్టింది. పిల్లలకి ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టు నేతగాళ్ల కథ చెప్పండి, వాళ్లకే అర్థమవుతుంది.

లియాన్ కొండ మీద | సోమవారం, ఉదయం 1.20

పని కోసం వచ్చి ఆరేళ్లుగా లియాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ రెండు కొండలు ఉన్నాయి. ఫుర్వియేర్ కొండని ప్రార్థన చేసే కొండ అంటారు, క్రువా రూస్ కొండని పని చేసే కొండ అంటారు. నేతగాళ్లు ఉన్నది ఈ రెండో కొండ మీద. వాళ్లని ఇక్కడ కనూలు అంటారు.

ఆ పాత ఇళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కప్పు నాలుగు మీటర్ల ఎత్తు, కిటికీలు నిలువుగా పొడుగ్గా. డిజైన్లు నేసే ఎత్తైన జకార్డు మగ్గం పట్టాలని అలా కట్టారు. ఆ గదిలోనే మగ్గాలు, ఆ గదిలోనే ఒక మూల అటక వేసి పడక. ఇళ్ల కింద నుంచి ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి వెళ్లే సందులు ఉంటాయి, ట్రబూల్ అంటారు. పట్టు తడవకుండా మోసుకెళ్లడానికి పనికొచ్చేవి.

1831 అక్టోబరులో ఏమైందంటే, ముక్కకి ఇచ్చే కూలి బాగా పడిపోయింది. నేతగాళ్లు పద్ధతిగానే వెళ్లి జిల్లా అధికారిని అడిగారు. ఆయన వ్యాపారుల ప్రతినిధులనీ నేతగాళ్ల ప్రతినిధులనీ ఒకచోట కూర్చోబెట్టి, ఇంతకి తగ్గకూడదని ఒక రేట్ల పట్టిక రాయించాడు. అక్టోబరు 25న సంతకాలు అయ్యాయి. తర్వాత వ్యాపారుల్లో వంద మందికి పైగా మేము ఒప్పుకోం అన్నారు. నవంబరు 21న కొండ మీది జనం కిందికి దిగారు. వాళ్ల నల్లజెండా మీద "పని చేస్తూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం" అన్న మాట ఉంది. కాల్పులు జరిగాయి, సైన్యం ఊరు వదిలి వెళ్లింది. కొన్ని రోజులు ఊరు నేతగాళ్ల చేతిలో ఉంది. దోపిడీలు జరగకుండా వాళ్లే కాపలా కాశారు. డిసెంబరు 3న పెద్ద సైన్యం లోపలికి వచ్చింది. రేట్ల పట్టిక రద్దు చేశారు, దాన్ని రాయించిన అధికారిని పదవి నుంచి తీసేశారు.

అప్పుడు ప్రధానమంత్రి కసిమీర్ పెరియే, బ్యాంకరు.

మగ్గం గుంట | ఉదయం 6.30

లియాన్ అన్నగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మాది నేత కుటుంబం. మా నాన్న గుంట మగ్గం మీద నలభై ఏళ్లు నేశారు. మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కళ్ల ముందు కనబడింది.

ఇక్కడ చదివేవాళ్లకి ఒక విషయం విడమరిచి చెప్పాలి. మగ్గం నేతగాడిదే. ఇల్లు నేతగాడిదే. పడుగు, పేక, డిజైను మాత్రం షావుకారు ఇస్తాడు. చీర నేసి ఇస్తే మజూరీ ఇస్తాడు. కాబట్టి నువ్వు కూలివి కాదు, నీ ఇంట్లో నువ్వే యజమానివి అంటారు. కానీ రేటు నీ చేతిలో ఉండదు. చీరలో మచ్చ ఉందని కోత పెడితే కిమ్మనడానికి లేదు. కాదంటే వచ్చే వారం నూలు రాదు. ఆసు పోయడం, కండెలు చుట్టడం అమ్మ పని, ఆ పనికి వేరే లెక్కే లేదు. ఒక ఏడాది మజూరీ సగానికి సగం తగ్గిస్తే మా నాన్న ఏమీ అనలేక ఇంటికొచ్చి మగ్గం ముందు ఊరికే కూర్చున్నారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

అందుకే నాకు అర్థం కానిది ఒకటే. వాళ్లు రాజ్యం అడగలేదు. ఓటు కూడా అడగలేదు. ఒక రేట్ల పట్టిక అడిగారు. ఇద్దరూ కూర్చుని సంతకం పెట్టిన కాగితం అది. స్వేచ్ఛ కోసం వచ్చిన ప్రభుత్వానికి ఆ కాగితంలో తప్పేం కనిపించింది?

పాత పేజీలు | ఉదయం 8.15

తమ్ముడూ, నువ్వు అడిగిందే అసలైన ప్రశ్న. దాని జవాబు 1791లో ఉంది. ఫ్రెంచ్ విప్లవం తొలి రోజుల్లోనే ల షపలియే చట్టం అని ఒకటి తెచ్చారు. పాత కాలపు వృత్తి సంఘాలు మనిషిని కట్టిపడేస్తున్నాయి, ఇకనుంచి ప్రతి మనిషీ స్వతంత్రుడు, ఒక్కొక్కడూ తన బేరం తానే ఆడుకోవాలి అన్నారు. కూలి రేటు కోసం గుంపుగా చేరడమే నేరం. ఉదారవాదుల కళ్లకి ఆ రేట్ల పట్టిక ఇద్దరు స్వతంత్రుల మధ్య మూడోవాడు దూరడంలా కనిపించింది. రాజు పౌరుడి విషయంలో దూరకూడదన్న సూత్రాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారు. షావుకారూ నేతగాడూ సమానంగా బేరమాడగలరని అనుకుంటేనే ఆ సూత్రం నిలబడుతుంది. మీ నాన్నగారు మగ్గం ముందు కూర్చున్న ఆ రోజు అది నిలబడదు. నిన్న రాత్రి నేను ఉదారవాదుల తరఫున మాట్లాడాను. ఈ ఒక్క చోట వాళ్లు గుడ్డివాళ్లయ్యారని ఒప్పుకుంటాను.

ఆ డిసెంబరులో పారిస్‌లోని ఒక పెద్ద పత్రిక, మనల్ని బెదిరిస్తున్న అనాగరికులు ఎక్కడో కాకసస్‌లో లేరు, మన పారిశ్రామిక పట్టణాల శివార్లలోనే ఉన్నారని రాసింది. ఒకే దేశంలో రెండు జాతులున్నట్టు మాట్లాడారు.

మిరపతోట | ఉదయం 8.50

ఇంకో మాట కలుపుతాను. సామ్యవాదం అంటే గడ్డాల మేధావులు లైబ్రరీలో కూర్చుని రాసింది అనుకుంటాం. లియాన్ నేతగాళ్లు 1828 నాటికే పరస్పర సాయ సంఘం ఒకటి పెట్టుకున్నారు, జబ్బు చేసినవాడికీ పని లేనివాడికీ చందాలేసి ఆదుకోవడానికి. 1831లో సొంత పత్రిక కూడా మొదలుపెట్టారు, పేరు లెకో ద ల ఫబ్రీక్. తర్వాత 1840ల్లో సామ్యవాద రచయిత ప్రూధోం లియాన్‌లో ఒక పడవల రవాణా సంస్థలో గుమాస్తాగా పనిచేశాడు, ఈ కార్మికుల మధ్య తిరిగాడు. అతను ప్రచారం చేసిన పరస్పరవాదానికి ఆ పేరు ఈ నేతగాళ్ల సంఘాల నుంచే వచ్చింది. అతను అనార్కిస్టు. ఆ మాటని అరాచకవాది అని మనం అనువదించేసరికి బాంబులు వేసేవాడు అనుకుంటాం. పైన ప్రభువు లేకుండా సమానుల ఒప్పందాలతో బతకొచ్చు అన్నదే అతని మాట.

1834 ఏప్రిల్‌లో సంఘాలని అణిచే చట్టం వస్తుంటే లియాన్ మళ్లీ లేచింది. ఈసారి సుమారు 300 మంది చనిపోయారు. 1831లో కూలి రేటు కోసం లేచినవాళ్లు 1834కి గణతంత్రం కావాలి అంటున్నారు. మూడేళ్లలో వచ్చిన మార్పు ఇది.

నిర్మల_వరంగల్ | మధ్యాహ్నం 1.30

సంప్రదాయవాదుల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. వాళ్లని వట్టి రాజభక్తులుగా చూపిస్తే పాఠం సగమే అవుతుంది. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ సరే, 1819లో కార్ల్స్‌బాద్ ఆదేశాలతో జర్మన్ విశ్వవిద్యాలయాలకీ పత్రికలకీ సంకెళ్లు వేశాడు. దాన్ని సమర్థించను. కానీ బ్రిటన్ చూడండి. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకీ పిల్లలకీ రోజుకి పది గంటల పని పరిమితి 1847లో వచ్చింది. దానికోసం పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడినవాళ్లలో ముఖ్యుడు లార్డ్ ఆష్లీ, టోరీ, అంటే సంప్రదాయవాది. గట్టిగా ఎదిరించినవాళ్లలో జాన్ బ్రైట్ ఒకడు. ఓటు హక్కు పెంచాలని పోరాడిన ఉదారవాది, తనూ మిల్లు యజమానే. పెద్దలకి పేదల పట్ల ధర్మం ఉందని నమ్మినవాడు పిల్లల పని గంటలు తగ్గించమన్నాడు. స్వేచ్ఛని నమ్మినవాడు వద్దన్నాడు. మంచి పక్షం, చెడ్డ పక్షం అని గీత గీసి పిల్లలకి చెప్పొద్దు టీచర్ గారూ.

సోషల్‌టీచర్ | సాయంత్రం 5.45

ఇన్ని విషయాలు చెప్పిన అందరికీ చాలా థాంక్స్. ఇవాళ క్లాసులో లియాన్ కథ సగం చెప్పాను, బెల్ కొట్టినా పిల్లలు కదల్లేదు. మా క్లాసులో నేతవాళ్ల పిల్లలు ముగ్గురున్నారు. రేపు 1848 చెప్పాలి. ఫిబ్రవరిలో కలిసి రాజుని దింపినవాళ్లు జూన్‌లో ఒకర్నొకరు కాల్చుకున్నారని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. నాలుగు నెలల్లో ఏమైంది?

మిరపతోట | రాత్రి 8.10

1846, 47ల్లో పంటలు పోయాయి, రొట్టె ధర పెరిగింది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. రాజకీయ సభలు పెట్టడం నిషేధం కాబట్టి ఓటు సంస్కరణ కావాలన్నవాళ్లు విందుల పేరుతో చేరి ఉపన్యాసాలిచ్చారు. 1848 ఫిబ్రవరి 22న పారిస్‌లో అలాంటి విందుని ఆపేశారు. 23న ప్రధానమంత్రిగా ఉన్న గిజో పదవి పోయింది, ఆ రాత్రి సైనికులు జనం మీద కాల్చారు, 24న రాజు గద్దె దిగాడు.

కొత్త ప్రభుత్వంలో కవి లమార్తిన్ ఉన్నాడు, సామ్యవాది లూయీ బ్లాఁ ఉన్నాడు, ఆల్బేర్ అనే కార్మికుడు కూడా ఉన్నాడు. 25న పని హక్కు ప్రకటించారు. అదే రోజు జనం ఎర్రజెండా తెస్తే లమార్తిన్ ఒప్పించి మూడు రంగుల జెండానే ఉంచాడు. నిరుద్యోగుల కోసం జాతీయ కార్ఖానాలు పెట్టారు, రోజుకి రెండు ఫ్రాంకులు. మట్టి పనే ఎక్కువ. జూన్ నాటికి లక్ష మంది పైగా చేరారు.

ఏప్రిల్ 23న ఎన్నికలు. మగవాళ్లందరికీ ఓటు. రెండు లక్షల నలభై వేల నుంచి ఒక్క దెబ్బకి సుమారు 90 లక్షల మంది ఓటర్లు. గెలిచిందేమో ఎక్కువగా మితవాదులూ ఊరి పెద్దలూ. ఆ సభ ఎన్నుకున్న కార్యనిర్వాహక సంఘం జూన్ 21న కార్ఖానాల్లోని పెళ్లికాని యువకులు సైన్యంలో చేరాలి, మిగతావాళ్లు దూరపు జిల్లాలకి పనికి పోవాలి అంది. 23 నుంచి 26 దాకా తూర్పు పారిస్ అంతా అడ్డుగోడలే. వాళ్ల మీద ఫిరంగులు పేల్చిన జనరల్ కవెన్యాక్ రాజు మనిషి కాదు, గణతంత్రవాది. ఎదురుగా నిలబడిన మొబైల్ గార్డ్ అనే ప్రభుత్వ దళంలో చాలామంది ఆ పేటల్లోని పేద కుర్రాళ్లే. మధ్యవర్తిత్వానికి వెళ్లిన పారిస్ ఆర్చిబిషప్ కూడా తూటా తగిలి చనిపోయాడు. తర్వాత నాలుగు వేల మందికి పైగా ద్వీపాంతర శిక్ష వేశారు.

ఫిబ్రవరిలో అందరి నోటా ఒకటే మాట, గణతంత్రం. ఒకడికి దానర్థం ఓటు. ఇంకొకడికి పని. ఆ తేడా జూన్‌లో బయటపడింది.

రైతుబిడ్డ_పాలమూరు | రాత్రి 8.55

ఒక విషయం వదిలేశారు అన్నా. ఖజానా ఖాళీ అయిందని మార్చిలో ఆ ప్రభుత్వం ప్రత్యక్ష పన్నుల మీద ఫ్రాంకుకి 45 సెంటీమ్‌లు అదనంగా వేసింది. అంటే నూటికి 45. భారం ఎక్కువ పడింది భూమి ఉన్న రైతు మీద. పంట పోయిన ఏడాది తర్వాత అది! పారిస్‌లో పని లేకుండా ఉన్నవాళ్లకి మన డబ్బు పెడుతున్నారని ఊళ్లలో చెప్పారు, రైతులు నమ్మారు. డిసెంబరులో అధ్యక్ష ఎన్నికలు వస్తే పాత నెపోలియన్ చక్రవర్తి తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్‌కి 54 లక్షల ఓట్లు వేశారు. కవెన్యాక్‌కి 14 లక్షలు. మూడేళ్ల తర్వాత ఆ నెపోలియనే సభని రద్దు చేసి, ఇంకో ఏడాదికి చక్రవర్తి అయ్యాడు. రైతుకి తెలివి లేదని చాలామంది రాస్తారు. రైతు దగ్గరికి గణతంత్రం పన్ను కాగితంగానే వచ్చింది, ఇంకో రూపంలో రాలేదు.

నిర్మల_వరంగల్ | రాత్రి 9.20

1848 ఎన్నికల గురించి రాస్తూ "అందరికీ ఓటు" అనలేదు, "మగవాళ్లందరికీ" అన్నారు, సంతోషం. ఝాన్ దెరువాఁ అనే బడిపంతులమ్మ 1849 ఎన్నికల్లో నిలబడడానికి ప్రయత్నించింది. చట్టం ఒప్పుకోదన్నారు. ఆమెని ఎగతాళి చేసినవాళ్లలో ప్రూధోం ఉన్నాడు. ప్రభువు లేని సమాజం కావాలన్న మనిషి ఇంట్లో ప్రభువు మగవాడే అన్నాడు. ఫ్రాన్స్ ఆడవాళ్లకి ఓటు హక్కు 1944లో వచ్చింది.

యానాం తీరం | రాత్రి 10.10

మా ఊరి మాట ఒకటి. 1848 గణతంత్రం పారిస్ సభలో ఫ్రెంచ్ ఇండియాకి ఒక సీటు ఇచ్చింది. అందులో యానాం కూడా భాగమే. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు, 1871 నుంచి మళ్లీ వచ్చింది. గోదావరికి ఈ ఒడ్డున కంపెనీ పాలనలో ఉన్న తెలుగువాడికి అలాంటిది ఊహకి కూడా అందదు.

పాత పేజీలు | రాత్రి 10.45

కంపెనీ అన్నారు కాబట్టి చెప్తున్నాను. స్వేచ్ఛ గురించి ఆ శతాబ్దంలో అందరికంటే గట్టిగా రాసిన జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1859లో వచ్చిన పుస్తకంలో, ఇంకా నాగరికం కాని ప్రజల్ని ఏలడానికి నిరంకుశత్వం తగిన పద్ధతే, వాళ్లని బాగుచేయడమే లక్ష్యమైతే అని రాశాడు. పన్ను రసీదు స్థానంలో నాగరికత. టీచర్ గారూ, మీ అమ్మాయి ప్రశ్నకి ఇది ఇంకో జవాబు.

సోషల్‌టీచర్ | బుధవారం, సాయంత్రం 6.20

ఇవాళ క్లాసులో ఓ పని చేశాం. మా స్కూల్లో 612 మంది పిల్లలున్నారు. 1814 లెక్క ప్రకారం మాలో ఎంతమందికి ఓటు వస్తుందో లెక్కేయమన్నాను. ఇద్దరు. 1846కి నలుగురు. 1848 ఏప్రిల్‌కి సుమారు 157 మంది. మగపిల్లలు చప్పట్లు కొట్టారు. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం నోట్‌బుక్‌లో ఇంకేదో రాసుకుంటోంది. చివర్లో లేచి, లియాన్‌లో మగ్గం మీద కూర్చున్నవాళ్ల గురించి చెప్పారు, పట్టు దారం పేనిన ఆడవాళ్లు ఏం చేశారు మేడం అంది. వాళ్ల అమ్మ కండెలు చుడుతుంది.

లియాన్ అన్నగారూ, మీకేమైనా తెలుసా?

లియాన్ కొండ మీద | గురువారం, ఉదయం 12.50

తెలుసండీ. 1869 వేసవిలో ఇక్కడి పట్టు పేనే మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు సమ్మె చేశారు. వాళ్లని ఒవలిస్తులు అంటారు. సుమారు రెండు వేల మంది. చాలామంది పల్లెల నుంచి వచ్చి మిల్లు యజమాని ఇచ్చిన గదుల్లోనే ఉండేవాళ్లు. సమ్మె మొదలవగానే కొందరు యజమానులు వాళ్ల పెట్టెల్ని వీధిలో పడేశారు. రోజుకి 12 గంటల పనికి 1 ఫ్రాంకు 40 సెంటీమ్‌లు ఇచ్చేవాళ్లు. రెండు ఫ్రాంకులు కావాలి, రోజుకి రెండు గంటలు తగ్గాలి అన్నారు. గంటలు తగ్గాయి, కూలి పెరగలేదు.

వాళ్ల నాయకురాలి పేరు ఫిలోమెన్ రోజాఁ. ఆ సమ్మెలో వాళ్లు అంతర్జాతీయ కార్మిక సంఘంలో చేరారు. సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన మహాసభకి వాళ్ల తరఫున ఆమె వెళ్లాలనుకున్నారు. వెళ్లింది మాత్రం ఆమె కాదు. లియాన్ ఒవలిస్తుల ప్రతినిధిగా ఆ సభలో కూర్చున్నది బకూనిన్ అనే రష్యన్ అరాచకవాది.

ఆ అమ్మాయికి ఫిలోమెన్ పేరు తెలుగులో రాసివ్వండి.